ఉచిత విద్యుత్తు, ఎండిన బోరు, వర్తకుని వంతు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)

 

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. సరిగా ఈ కాలములోనే అనంతపురము మెట్టసీమలో నీటి వ్యవహారమును, విద్యుత్తు వ్యవహారమును ఒకదానితో నొకటి ముడిపడి నేటి స్థితికి వచ్చినవి. 2000 సంవత్సరము ఆగష్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగులో విద్యుత్తు ధరల పెంపును నిరసించుచు సాగిన ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. నాలుగేండ్లు నిండకమునుపే, 2004 మే 14వ తేదీన, ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిన డాక్టరు వై. ఎస్. రాజశేఖరరెడ్డి సేద్యమునకు ఉచిత విద్యుత్తు నిచ్చు దస్త్రముపై తొలి సంతకము చేసిరి. తరువాత ఏ పక్షము అధికారమునకు వచ్చినను ఆ సంతకమును చెరపలేదు.

ఉచిత విద్యుత్తును గూర్చి మాటలాడునపుడు రైతు నొకవైపున, సర్కారు నొకవైపున నిలిపి వాదించుట వాడుక. రైతు వ్యర్థపరచుచున్నాడని ఒకరు, సర్కారు రైతును వంచించుచున్నదని మరియొకరు అందురు. ఈ ఇద్దరి నడుమ మూడవ మనిషి యొకడున్నాడు. అతడు వర్తకుడు. బోరు బండి యజమాని, మోటారు అంగడివాడు, పైపుల కంపెనీ, ఉక్కు కర్మాగారము, నూనెమిల్లు, గాలిమరల కంపెనీ, అందరును ఆ మాటలోనికే వత్తురు. సర్కారు ఇచ్చెడి రాయితీ భూమికిని, నీటికిని కీడు చేయునదైనపుడు దానిని సరిదిద్దు పనిలో ఈ మూడవ మనిషి వంతు ఎంత? నేటి విషయ మిదియే.

మొదట లెక్క చూడవలెను. ఈ మండలమున సగటు వర్షము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమలను దాటి వచ్చుసరికి వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున కురిసి ఇచ్చటికి అలసి చేరును. 550 మిల్లీమీటర్ల వాన ఒక ఎకరముపై పడినచో 22 లక్షల లీటర్లగును. ఇది రాతినేల. పడిన దానిలో పదియవ వంతు భూమిలోనికి దిగినను గొప్పయే. అనగా ఎకరమునకు రెండు లక్షల లీటర్లకు పైచిలుకు. ఒక ఎకరము వరిమడికి పంటకాలమంతయు పెట్టు నీరు 1200 మిల్లీమీటర్లని స్థూలముగా అనుకొన్నచో అది 48 లక్షల లీటర్లు. ఇందులో కొంత తిరిగి మడిక్రిందికే ఇంకును, నిజమే. అయినను ఒక ఎకరము వరిని పండించుటకు ఇరువది ఎకరములకు పైగా నేల ఏడాది పొడుగునను దాచుకొన్న నీటిని పైకి లాగవలసి యున్నది. తన బోరు ఎవరి నీటిని త్రాగుచున్నదో రైతునకు తెలియదు. ప్రక్కచేను బోరు ఎండినపుడు మాత్రము తెలియును.

విద్యుత్తు లెక్కయు అట్లే. వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్లు, అనగా దాదాపు 330 అడుగులు, పైకెత్తుటకు ప్రకృతి నియమముచే కావలసిన శక్తి యూనిట్టులో పాతిక భాగమునకు కొంచెము ఎక్కువ. పాత మోటారును, అరిగిన పంపును కలిసి తాము తినిన కరెంటులో మూడవ వంతును మాత్రమే నీటికి అందించునని అనుకొందము. అప్పుడు ఆ ఎకరము వరికి సుమారు నాలుగువేల యూనిట్లు పట్టును. యూనిట్టు ఆరు రూపాయలకు లెక్కకట్టినను 24 వేల రూపాయలు. ఇంత ధనమును సర్కారు రైతు చేతికి ఇచ్చి "నీ ఇష్టము వచ్చిన పంట పెట్టుకొమ్ము" అని చెప్పినచో అతడు దానిని వరిమడిలో పోయునా? ఈ ప్రశ్నను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికి వత్తుము.

పూర్వము ఈ సీమలో కపిల బావులుండెడివి. జత యెడ్లు తోలుబానను లాగుచు ఏటవాలున దిగుచు ఎక్కుచు నుండెడివి. ఎద్దుల అలసటయే ఆనాటి మీటరు. పొద్దెక్కగానే అది ఆగెడిది. తరువాత కరెంటు మోటారు వచ్చెను. తొలినాళ్లలో మీటరు చూచి బిల్లు కట్టెడివారు. 1980ల తొలి సంవత్సరములలో మీటరు పోయి హార్సుపవరు లెక్క వచ్చెను. 1983లో ఏర్పడిన ఎన్. టి. రామారావు ప్రభుత్వము హార్సుపవరు ఒక్కింటికి సాలుకు 50 రూపాయలని నిర్ణయించెను. ఎంత తోడినను ఒకటే ధర యైన దినముననే సగము ఉచితము వచ్చినట్లు. 2004లో జరిగినది తక్కిన సగము. దీనితోపాటు ఆటోస్టార్టరు వచ్చెను. కరెంటు ఎప్పుడు వచ్చినను మోటారు తనంతట తాను తిరుగును. అర్ధరాత్రి చీకటిలో పాములకు వెరచి పొలమునకు పోలేని రైతు దానిని బిగించుకొనుటలో తప్పేమున్నది? తప్పు కరెంటును అర్ధరాత్రి ఇచ్చినవారిది.

ఇట్లు ముప్పది, నలుబది అడుగుల బావులు పాడుపడి బోర్లు ఐదువందల, ఆరువందల అడుగులకు దిగినవి. కొన్ని చోట్ల వెయ్యి దాటినవి. ఉచితముగా వచ్చునది కరెంటు మాత్రమే. బోరు ఉచితము కాదు, కేసింగు పైపు ఉచితము కాదు, మోటారు ఉచితము కాదు, కాలిన మోటారునకు తీగ చుట్టించుట ఉచితము కాదు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూచువానికి సయితము దక్షిణ ఇయ్యవలెను. ఒక బోరు విఫలమైనచో రెండవది, రెండవది విఫలమైనచో మూడవది. బోరు ఎండును గాని బోరునకై చేసిన అప్పు ఎండదు. సర్కారు పెట్టిన రాయితీ రైతు పేరుమీద వ్రాయబడినను, దాని వెంట రైతు పెట్టిన సొంత సొమ్ము వర్తకుల పెట్టెలలోనికి చేరుచున్నది. 2001 మొదలు కరవు కాలములలో చీనీ చెట్లను బ్రతికించుటకు ట్యాంకర్లతో నీరు కొని పోసిన రైతులు ఈ సభలోనే కొందరుండవచ్చును. ఆ ట్యాంకరు నీరు కూడ ఎక్కడి బోరుదో అనుకొన్నచో కథ పూర్తిగా బోధపడును.

ఇక పొగ విషయము. ఈ కరెంటు ఊరక పుట్టదు. ముద్దనూరు వద్దనున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము వంటి చోట్ల బొగ్గు కాలిన పిమ్మటనే తీగలలోనికి వచ్చును. కావున ఈ రాయితీ క్రింద నీటిని, పైన గాలిని, రెండింటిని తాకుచున్నది. ఒకప్పుడు ఇట్టి మాట శాస్త్రజ్ఞులకే పరిమితము. 2009లో పిట్స్‌బర్గు నగరమున సమావేశమైన జి-20 దేశాధినేతలు బొగ్గు, చమురుల వ్యర్థ వినియోగమును ప్రోత్సహించు రాయితీలను క్రమముగా తొలగింతుమని ప్రకటించిరి. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరమున ప్రపంచదేశములు జీవవైవిధ్యమును గూర్చి చేసికొన్న ఒడంబడికలో రెండు అంశములు మనకు ముఖ్యములు. పదునెనిమిదవ లక్ష్యము ప్రకృతికి హానిచేయు రాయితీలను 2030 నాటికి ఏటేట కనీసము 50 వేల కోట్ల డాలర్ల మేరకు తగ్గింపుమని చెప్పుచున్నది. పదునైదవ లక్ష్యము పెద్ద కంపెనీలు తాము ప్రకృతిపై ఎంత ఆధారపడుచున్నవో, దానిని ఎంత దెబ్బతీయుచున్నవో లెక్కించి బహిరంగముగా చెప్పవలెనని కోరుచున్నది. మొదటిదానిని అందరును తలచుకొందురు, రెండవదానిని తక్కువమంది.

మన రాష్ట్రమున వర్తక, పరిశ్రమల వారు నోరు మెదపలేదని చెప్పుట న్యాయము కాదు. 1998 విద్యుత్ సంస్కరణల చట్టము ననుసరించి 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. అది ఏటేట ధరలు నిర్ణయించుటకు ముందు బహిరంగ విచారణ జరుపును. ఆంధ్రప్రదేశ్ వాణిజ్య పరిశ్రమల మండలుల సమాఖ్య వంటి సంస్థలు ఆ విచారణలలో ఆక్షేపణ పత్రములు సమర్పించుచు వచ్చినవి. వారి మొర ఇది: సేద్యమునకు ఉచితముగా ఇచ్చిన కరెంటు ఖర్చులో కొంతభాగమును సర్కారు భరించుచున్నది, కొంతభాగమును పరిశ్రమల మీద, దుకాణముల మీద అధికధర రూపమున మోపుచున్నది. ఇది సత్యమే. 2003 కేంద్ర విద్యుత్ చట్టము కూడ ఇట్టి పరస్పర భారమును తగ్గింపుమనియు, ప్రభుత్వము రాయితీ ఇయ్యదలచినచో ఆ సొమ్మును ముందుగానే చెల్లింపుమనియు విధించినది.

కాని ఆ మొరలో వినబడునది తమ బిల్లు మాత్రమే. బోరు ఎండిన రైతు వినబడడు. అందుచేత రైతు ఆ మొరను నమ్మడు. పైగా 2003 చట్టము ఇచ్చిన వెసులుబాటును బట్టి పెద్ద కర్మాగారములు సొంత విద్యుత్కేంద్రములు పెట్టుకొనుటయో, బయటినుండి చౌకగా కొనుటయో చేయసాగినవి. పోగలవారు పోయిరి. పోలేని చిన్న నూనెమిల్లు, పిండిమర, చల్లని పానీయముల అంగడి మిగిలినవి. అధికధర బరువు వీరి తలపై నిలిచినది. సంస్కరణ కోరువాడు తానే తలుపు తీసికొని వెడలిపోయినచో లోపలివారి మాట ఎవడు వినును?

పరిశ్రమలకు రాయితీలు లేవా? ఉన్నవి. భూమి, నీరు, పన్ను, విద్యుత్తు, అన్నింటను ఉన్నవి. ఇందుకు బంగారు గనులతో పేరుపొందిన రామగిరినే సాక్షిగా చూపవచ్చును. అచ్చటి కొండలపై 1990లలో గాలిమరలు లేచినవి. ఆ కాలమున దేశమంతటను గాలిమర నెలకొల్పిన కంపెనీకి తొలి యేడే దాని విలువనంతయు తరుగుగా చూపి ఆదాయపుపన్ను తగ్గించుకొను సదుపాయ ముండెడిది. మర పెట్టినచో లాభము. అది తిరిగినదా, ఆగినదా అన్న దానితో పనిలేదు. ఫలితముగా దేశమున పెక్కుచోట్ల మరలు ఎక్కువ, కరెంటు తక్కువ ఆయెను. కొంతకాలమునకు లోపము గుర్తింపబడి, 2009 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఉత్పత్తియైన ప్రతి యూనిట్టునకు 50 పైసల చొప్పున ప్రోత్సాహక మిచ్చు మరియొక మార్గమును తెచ్చినది. రాయితీ పోలేదు, దాని రూపు మారినది. మరకు కాక, మర చేసిన పనికి ఇచ్చిరి. కంపెనీలకు ఈ తేడా బాగుగా తెలియును. తమ విషయమున అంగీకరించిన ఆ న్యాయమును రైతు విషయమున కూడ ముందునకు తేవచ్చును గదా!

ఉచిత విద్యుత్తునకు షరతులు లేకపోలేదు. 2005లో ప్రభుత్వము ఐ.ఎస్.ఐ. ముద్ర గల పంపు, కెపాసిటరు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, నున్నని ప్లాస్టికు పైపులు అమర్చుకొనవలెనని చెప్పినది. కాగితముమీద ఇది మంచి ఏర్పాటు. ఆచరణలో, తీగల చివర వోల్టేజి పడిపోవుచుండగా ముద్రగల సున్నితమైన మోటారు త్వరగా కాలిపోవును. మందపు తీగతో చుట్టిన స్థానికపు మోటారు కరెంటు ఎక్కువ తినినను నిలుచును. రైతు నిలుచు దానినే కొనెను. అంగడివాడు దానినే అమ్మెను. పంపులు చేయు కంపెనీలు తక్కువ వోల్టేజిని తట్టుకొని తక్కువ కరెంటు తినెడి మోటారును ఇచ్చియుండినచో, విద్యుత్తు సంస్థ ట్రాన్స్‌ఫార్మర్లను సరిచేసి యుండినచో, ఆ షరతు కాగితముమీదనే మిగిలిపోవునది కాదు.

బిందుసేద్యపు కథ మరియొక తీరు. 2003 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము మొదలైనది. చిన్న, సన్నకారు రైతులకు ఖర్చులో 90 శాతము వరకు రాయితీ దొరకిన కాలము కలదు. ఈ మెట్టసీమ చీనీ తోటలలో, టమాటా మళ్లలో సన్నని నల్లగొట్టములు ప్రాకినవి. కంపెనీలు లాభపడినవి, రైతును లాభపడినాడు. నీటిని తినెడి రాయితీ ప్రక్కనే నీటిని పొదుపుచేయు రాయితీ వచ్చినదని సంతసింపవచ్చును. అయితే పొదుపైన నీటితో రైతు మరి రెండెకరములు తడిపినచో బోరునకు ఒరిగిన దేమి? గొట్టమును అమ్ముట వద్దనే ఆగిన వర్తకము సగము పని చేసినట్లు. గొట్టము వేసిన చేనిలో ఎన్ని లీటర్లు మిగిలినవో చూపినపుడే తక్కిన సగము.

కొలిచి చూపుట అసాధ్యమేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తరువాత అనంతపురముతో కలిపి ఏడు కరవు జిల్లాలలో రైతులే వానను, బోర్ల నీటిమట్టమును కొలిచి, పంటలు వేయుటకు ముందు ఊరి నీటి బడ్జెటు వేసికొనిరి. పెద్ద చదువులు లేనివారును దానిని నేర్చుకొనిరి.

సొమ్ము విషయమున కూడ ఒక దారి కనబడినది. తూర్పు గోదావరి జిల్లా రాజానగరము మండలమున కేంద్రప్రభుత్వ రంగపు ఇంధన పొదుపు సంస్థ యొకటి రైతుల పాతపంపులను తీసి కొత్తవానిని ఉచితముగా బిగించినది. పెట్టుబడి సంస్థది. ఆదా యైన కరెంటు విలువనుండి ఆ పెట్టుబడి తిరిగి రావలెను. ఆదా కాకున్న నష్టము సంస్థదే. వర్తకుడు ఇట్లు తన సొమ్మును ఆదాకు పణముగా పెట్టినపుడు అతని మాటకు విలువ వచ్చును. పరిశ్రమల సమాఖ్యలు అధికధరపై ఆక్షేపణలు వ్రాయుటతో పాటు ఇట్టి పెట్టుబడి తామే పెట్టుటకు ముందుకు వచ్చినచో రైతు వారిని శత్రువులుగా చూడడు.

ఇంకను ముందునకు పోయినవారు గుజరాతు రైతులు. ఖేడా జిల్లా ఢుండి గ్రామమున 2016లో కొందరు రైతులు సౌరవిద్యుత్ సహకార సంఘముగా ఏర్పడిరి. చేనిలో సౌరపలకలు పెట్టి, తమ మోటారు నడుపుకొనగా మిగిలిన కరెంటును విద్యుత్తు సంస్థకు అమ్మిరి. అక్కరలేక నీరు తోడినచో అమ్ముకొనవలసిన కరెంటు పోవును. రైతు తానే వర్తకు డాయెను. ఎద్దు అలసట స్థానమున తిరిగి ఒక మీటరు వచ్చినది, కాని ఆ మీటరు రైతునుండి తీసికొనదు, రైతునకు ఇచ్చును. పంజాబులో 2018లో మొదలైన పథకమునందు కేటాయించిన కరెంటులో మిగిల్చిన యూనిట్టునకు 4 రూపాయల చొప్పున రైతునకు ముట్టజెప్పిరి. వరిమడి కరెంటు సొమ్మును రైతు చేతికే ఇచ్చినచో అతడేమి చేయునని ఇంతకుముందు వేసిన ప్రశ్నకు ఈ రెండుచోట్లను జవాబు దొరకుచున్నది.

మన రాష్ట్రమున మీటరు మాట వేరు దారిన వచ్చినది. 2020లో కేంద్రము రాష్ట్రములకు అదనపు అప్పు తెచ్చుకొను అనుమతిని విద్యుత్తు రంగపు సంస్కరణలతో ముడిపెట్టినది. ఆ యేడు సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వము ఉచిత విద్యుత్తు సొమ్మును రైతు ఖాతాలోనికే వేయు పద్ధతిని ప్రకటించి శ్రీకాకుళము జిల్లాను తొలుత ఎన్నుకొన్నది. రైతులు భయపడిరి. భయము నిర్హేతుకము కాదు. మీటరు నేడు లెక్కకు, రేపు బిల్లునకు అన్న అనుమానము బషీర్‌బాగునాటిది. పైగా సర్కారు అప్పుకొరకు వచ్చిన మీటరును రైతు మేలుకొరకు వచ్చినదని నమ్మించుట కష్టము. మిగిల్చిన యూనిట్టునకు రైతునకు ఏమి వచ్చునో ముందుగా చెప్పక మీటరు పెట్టబూనుట తలక్రిందుల పని.

పంట మారవలె నన్నను కొనువాడు కావలెను. కొర్రలు, సజ్జలు, ఆరికెలు పండించుమని ఉపన్యసించుట సులభము. తూకము వేసి డబ్బు చేతికిచ్చువాడు కావలెను. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990నుండి పనిచేయుచున్న టింబక్టు కలెక్టివ్ వారి ఆసరాతో రైతులు ధరణి సహకార సంస్థను ఏర్పరచుకొని, ఎరువులు మందులు వేయక పండించిన చిరుధాన్యములను కొని శుభ్రపరచి పట్టణములలో అమ్ముచున్నారు. వానపంటకు ధర దొరకిన చేనిలో బోరు వేయవలెనన్న ఆరాటము తగ్గును. వేరుశనగను మాత్రమే కొనుటకు అలవాటుపడిన మన మండీలవారు ఈ పని చేయలేరా? చేయగలరు. వారికి గోదాములున్నవి, లారీలున్నవి, బెంగళూరు దారి తెలియును.

మిగిలినది బోరు బండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ప్రకారము బోరు వేయుటకు అనుమతి కావలెను. బోరు బండి యజమాని తన బండిని నమోదు చేయించుకొనవలెను. ఈ సీమలో భూగర్భమును గూర్చి ఎక్కువ ఎరిగినవాడు భూగర్భశాస్త్రజ్ఞుడు కాడు, బోరు బండివాడు. ఏ సర్వే నంబరులో ఎన్ని అడుగులకు రాయి తగిలెనో, ఎన్ని అడుగులకు తడి కనబడెనో, ఎక్కడ దుమ్ము తప్ప మరేమియు రాలేదో అతనికి కంఠస్థము. ఆ వివరము అతడు వ్రాసి ఊరికి ఇచ్చినచో తరువాతి రైతు మూడవ బోరునకు అప్పు చేయకయే పోవచ్చును. మాంట్రియల్ ఒడంబడిక పెద్ద కంపెనీలను అడిగినది ఇట్టి లెక్కనే. బండివాడు ఇచ్చినచో అతనికి ఒక బోరు బేరము తగ్గును, అందులో సందేహము లేదు. నష్టము లేని సంస్కరణ యేదో చూపుమని అడుగువారికి జవాబు లేదు.

విద్యుత్తు ధరల విచారణకు సంబంధించిన ప్రకటనలు ఏటేట దినపత్రికలలో వెలువడును. ఎవరైనను ఆక్షేపణ పంపవచ్చును, ఎవరైనను పోయి మాటలాడవచ్చును. రైతుసంఘములవారు పోవుచున్నారు, పరిశ్రమలవారు పోవుచున్నారు. ఈ ఊరి మోటారు అంగడివారును, బోరు బండివారును, మండీవారును రైతులతో కలిసి ఒకే కాగితముపై సంతకములు చేసి పంపుటకు అడ్డమేమియు లేదు. ప్రకటన వెలువడు పత్రిక ఈ గ్రంథాలయపు బల్లమీదికి ప్రతి ఉదయము వచ్చుచునే యున్నది.